ఎక్సోసోముల పరిశోధనకు దారి ఏది?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మధుమేహం వల్ల మా నాన్నగారి కాలి పుండు మానడం లేదు. కణాలు విడుదల చేసే ఎక్సోసోములు కొత్త రక్తనాళాలను పుట్టిస్తాయని చదివాను. ఈ రంగంలో పరిశోధన చేయాలని ఉంది. ఎక్సోసోమ్ చికిత్సపై స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులో చేరవచ్చా?

జవాబు: ఆ కోర్సుకు డబ్బు కట్టవద్దు. ఆమోదం పొందిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఏదీ లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. మీరు నేర్చుకోవలసింది చికిత్స కాదు, దాని వెనుక ఉన్న కణ జీవశాస్త్రం.

ఎక్సోసోములు సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల పరిమాణం గల తిత్తులు. సీడీ34 అనే గుర్తు ప్రొటీన్ గల మూలకణాలు పెరిగిన ద్రవం రక్తనాళాల లోపలి పొర కణాలను నాళాలుగా అల్లుకునేలా చేస్తుందనీ, అందులోంచి ఎక్సోసోములను తీసేస్తే ఆ ప్రభావం పోతుందనీ 2011లో అమెరికా పరిశోధకులు చూపారు. ఈ తిత్తులు మోసుకువెళ్లే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-126 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువు, స్ప్రెడ్1 అనే ప్రొటీన్ తయారీని అణచివేస్తుంది; ఆ ప్రొటీన్ తగ్గితే నాళాల పెరుగుదలను ప్రేరేపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఇచ్చే సంకేతం బలపడుతుంది.

అయితే ఈ రంగంలో అసలు కష్టం ఎక్సోసోములను శుద్ధి చేయడంలో ఉంది. బొడ్డుతాడు సిరలోని కణాలను మ్యాట్రిజెల్ అనే ప్రొటీన్ల జెల్ మీద వేస్తే, కొన్ని గంటల్లోనే అవి వలలా అల్లుకోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. కానీ ఆ అల్లిక ఎక్సోసోముల వల్లనే జరిగిందా, వాటితోపాటు వచ్చిన వీఈజీఎఫ్ ప్రొటీన్ వల్ల జరిగిందా అన్నది తేల్చాలి. కణాలను పెంచడానికి వాడే పశువుల సీరంలోనూ ఎక్సోసోములు ఉంటాయి కనుక, వాటిని ముందే తొలగించకపోతే ఫలితాన్ని నమ్మలేము. గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌పై ఓపికగా పనిచేసి, ప్రతి ప్రయోగానికీ సరైన కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) పెట్టగలిగిన విద్యార్థికి ఈ రంగంలో మంచి విలువ ఉంటుందని నా అభిప్రాయం.

కాబట్టి ఐఐటీ జామ్ లేదా గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాసి, బయోటెక్నాలజీలో గానీ బయోకెమిస్ట్రీలో గానీ ఎమ్మెస్సీ చేయండి. పేరున్న విశ్వవిద్యాలయం కంటే, ప్రాజెక్టు సమయంలో సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలను పెంచడం) మీ చేత చేయించే ల్యాబ్‌కు ప్రాధాన్యం ఇవ్వండి. ఆ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే, 2023లో పెంచిన ప్రకారం నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, తిరువనంతపురంలోని వైద్య పరిశోధన సంస్థ శ్రీచిత్ర తిరునాళ్‌లలో మీ ఆసక్తికి దగ్గరగా పనిచేసే పరిశోధకులు ఎవరో ఇప్పటి నుంచే చూడండి.

నాన్నగారి విషయంలో మాత్రం ఈ పరిశోధనల కోసం ఎదురుచూడవద్దు. కాలికి రక్తప్రసరణ ఎలా ఉందో వాస్క్యులర్ సర్జన్ చేత వెంటనే పరీక్ష చేయించండి.