భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

ప్రశ్న: జులైలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, ఇండోనేసియాలోని బాలి వెళ్లాలనుకుంటున్నాం. 2002 నాటి బాలి పేలుళ్ల గురించి చదివి మా ఆవిడ వద్దంటోంది. విదేశీయులకు అక్కడ నిజంగా అంత ముప్పుందా?

జవాబు: ఆ పేలుళ్లలో 202 మంది చనిపోయారు. మీ ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ అనారోగ్యాన్ని పక్కనపెడితే, సెలవులకు వెళ్లినవాళ్లను ఎక్కువగా బలి తీసుకునేవి రోడ్లూ నీళ్లూ. థాయ్‌లాండ్ రోడ్డు ప్రమాదాల మృతుల్లో అత్యధికులు ద్విచక్ర వాహనాల వాళ్లే.

మన ఊళ్లో ఎప్పుడూ బండి ముట్టని నేను ఫుకెట్‌లో నిక్కరూ చెప్పులతో అద్దె స్కూటరెక్కాను. దిగేటప్పుడు సైలెన్సర్ తగిలి పిక్క మీద ఉసిరికాయంత బొబ్బ లేచింది. మచ్చ ఇంకా ఉంది. అదృష్టవంతుణ్ణే! అద్దెకిచ్చినాయన లైసెన్సు అడగలేదు. బీమా కంపెనీ అడుగుతుంది. మోటారుసైకిల్‌కు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే ఆసుపత్రి బిల్లు చాలావరకు మీ నెత్తినే పడుతుంది. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే వెనక్కి తిరగండి.

జేబుదొంగలు అన్నిచోట్లా ఉంటారు, వదిలేయండి.

జులైలో ఫుకెట్ పడమటి తీరంలో రుతుపవనాల అలలుంటాయి. ఎర్రజెండా కనిపిస్తే మోకాలిలోతుకూ దిగవద్దు. ఎప్పుడైనా ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డు వెంబడే పక్కకు ఈదండి.