తల్లులు ఎదుగుదల కార్డు ఎందుకు తేవట్లేదంటే

అంగన్‌వాడీ టీచర్ గారూ, మీ బోరబండ బస్తీలో తల్లులు బిడ్డ బరువు తూయిస్తున్నా, టీకాలతో పాటు నెలనెలా బరువు చుక్కలు పెట్టే ఎదుగుదల కార్డు మాత్రం తేవట్లేదన్నారు. చాలామందికి అది టీకాల కార్డే, ఏడాదిన్నర బూస్టర్ అయిపోగానే బీరువాలోకి పోతుంది. ఇంకోటి, నాకైతే ఇదే అసలు కారణం అనిపిస్తుంది, చుక్క పసుపులోనో (తక్కువ బరువు) నారింజలోనో (మరీ తక్కువ) పడగానే అందరి ముందు "బిడ్డకు సరిగ్గా పెట్టట్లేదా" అని అడిగేస్తాం, ఆ తల్లి మళ్లీ కార్డు తెస్తుందా చెప్పండి!

పక్కన కూర్చోబెట్టుకుని చుక్క ఆమె చేతే పెట్టించండి. చదువు రాకపోయినా చుక్కలు కలిపిన గీత పైకి పోతోందా, ఆగిపోయిందా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. ఆకుపచ్చలోనే (సరైన బరువు) ఉన్నా రెండు మూడు నెలలు గీత అడ్డంగా సాగితే జాగ్రత్త పడాలి, విరేచనాలో జ్వరమో వచ్చాయా అని అడగండి. మీరిచ్చే బాలామృతం (పోషకాహార పొడి) ఇంట్లో పెద్దపిల్లలు పంచుకుంటున్నారేమో కూడా కనుక్కోండి, అది 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు.

కూలికి, ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లకు పొద్దున కుదరదు, నెలలో ఒక సాయంత్రం పెట్టి చూడండి. అత్తగారినీ పిలవండి, చాలా ఇళ్లల్లో వడ్డన ఆమె చేతిలోనే. కార్డు పోయిందంటే తిట్టొద్దు, కొత్తది ఇచ్చి మీ రిజిస్టర్‌లోని పాత బరువులు ఎక్కించండి.