మోకరిస్తే మాట రావడం లేదు

ప్రశ్న: మావారు పోయి నాలుగు నెలలైంది. ఉపవాసాలుండి ప్రార్థించినా దక్కలేదు. ఇప్పుడు మోకరిస్తే మాట రావడం లేదు. నా విశ్వాసం తగ్గిందంటున్నారు సంఘంలో. ఏం చేయను?

జవాబు: మాట రాకపోతే అరువు తెచ్చుకోండమ్మా. బైబిల్లో 13వ కీర్తన ఆరే వచనాలు. పైకి చదవండి. మొదటి రెండిట్లో దావీదు ‘ఎంతకాలం’ అని పదేపదే నిలదీస్తాడు. అక్కడ ఆగి మీ ఫిర్యాదు మీ మాటల్లోనే చెప్పండి. 3, 4 వచనాల దగ్గర ఒక్క అవసరమే అడగండి, ఈ రాత్రికి నిద్ర అయినా సరే. చాలామంది నేరుగా 5వ వచనంలోని నమ్మకానికి దూకుతారు. ఏడుపు లోపలే ఉండిపోయి, ప్రార్థన అబద్ధంలా తోస్తుంది. 5, 6 వచనాలకు నోరు రాకపోతే ఆ పూటకు వదిలేయండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. అయినా బైబిల్లోంచి దాన్నెవరూ తీసేయలేదు!

ఆదివారం ఆరాధన మానకండి. పాడలేకపోతే కూర్చుని వినండి.

విశ్వాసం తగ్గిందనేవాళ్లకు యోబు 42:7 చూపించండి. అక్కడ దేవుడు కోప్పడింది బాధల్లో మొరపెట్టుకున్న యోబు మీద కాదు, అతనికి ఉపదేశాలు చేసిన స్నేహితుల మీద.

నిద్ర, తిండి లేకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. అది అవిశ్వాసం కాదు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందుగా ఇచ్చింది రొట్టె, నీళ్లు (1 రాజులు 19).