పచ్చడి సీసా మీద మూడు కిరీటాలు వేయొచ్చా?

ప్రశ్న: మేం స్టాక్‌హోంలో ఉంటాం. ఇంట్లో పట్టిన ఆవకాయ, గోంగూర అమ్మడానికి చిన్న కంపెనీ పెట్టుకున్నాం. లేబుల్ మీద నీలం డాలు, అందులో మూడు బంగారు కిరీటాలు వేయించాం. డాలు తీసేస్తే ఇబ్బంది ఉండదని డిజైనర్ అంటున్నాడు. ఇంకో సంగతి, డబ్బు కడితే మా ఆయనకు స్వీడన్ ‘కౌంట్’ అనే ప్రభువుల బిరుదు, వంశచిహ్నం ఇప్పిస్తామని ఆన్‌లైన్‌లో ఒకరు వెంటపడుతున్నారు. నమ్మొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ప్రింటింగ్ ఆపించండి. ఆ మూడు కిరీటాలు అలంకారం కాదు, స్వీడన్ రాజ్యచిహ్నం. మీ డిజైనర్ చెప్పింది తప్పు. 1982 నాటి రాజ్యచిహ్నాల చట్టంలో ఆ చిహ్నం చిన్న రూపం, అంటే ‘చిన్న చిహ్నం’, ఎలా ఉండాలో రాసి ఉంది: నీలం డాలు, దాని మీద రాజకిరీటం, లోపల పైన రెండు, కింద ఒకటి చొప్పున బంగారు కిరీటాలు. డాలు లేకుండా ఆ మూడు కిరీటాలను అదే వరసలో వేసినా అది చిన్న చిహ్నమే అవుతుందని కూడా ఆ చట్టమే చెబుతోంది. అంటే డాలు చెరిపినంత మాత్రాన మీరు బయటపడరు.

వ్యాపారంలో, సరుకు మీద గుర్తుగా, అనుమతి లేకుండా రాజ్యచిహ్నం వాడకూడదని 1970 నాటి మరో చట్టం అంటుంది, జరిమానా కూడా ఉంది. దాన్ని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించాలన్నా కుదరదు. స్వీడన్ ఐస్ హాకీ జట్టు జెర్సీ మీద ఉందిగా అంటారేమో, వాళ్లు వేసుకున్నారని మీకు అనుమతి వచ్చినట్టు కాదు. మన మూడు సింహాల గుర్తును పచ్చడి సీసా మీద వేస్తామా? ఇదీ అంతే. రాజభవనానికి సరుకు అందించే సంస్థలకు రాజు ఇచ్చే గుర్తింపు వేరే ఉంది, అది వచ్చేదాకా ఆ మాట కూడా లేబుల్ మీద రాయొద్దు.

మీ సొంత డాలు గీయించుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. స్వీడన్‌లో మామూలు కుటుంబాలు కూడా వంశచిహ్నాలు పెట్టుకుంటాయి, కాకపోతే దాని మీద కిరీటం పెట్టరు, అది ప్రభువంశాల ఆనవాయితీ. మామిడి కొమ్మ, రెండు కాయలు వేయించండి, చక్కగా ఉంటుంది. ఏ సందేహమున్నా రిక్సార్కివెట్‌లో, అంటే అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో, చిహ్నాల వ్యవహారం చూసే అధికారికి బొమ్మ పంపి అడగండి.

ఇక ఆ కౌంట్ బిరుదు. దాన్ని ఇప్పుడు రాజు కూడా ఇవ్వలేడు. స్వీడన్‌లో కొత్తగా ప్రభువు హోదా పొందిన చివరి వ్యక్తి యాత్రికుడు స్వెన్ హెడిన్, అది 1902లో. 1975లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంతో ఆ అధికారమే పోయింది. రాజు తన కుటుంబంలో వాళ్లను మాత్రం డ్యూక్, డచెస్ చేయగలడు. అందులోనూ 2019 అక్టోబరులో రాజు కార్ల్ గుస్తావ్ తన ఐదుగురు మనవలు, మనవరాళ్లను రాజగృహం, అంటే అధికారిక రాజకుటుంబం, నుంచి తప్పించాడు. వాళ్లకు డ్యూక్, డచెస్ బిరుదులు మిగిలాయి గానీ ‘రాయల్ హైనెస్’ అనే గౌరవం పోయింది. సొంత మనవల దగ్గరే ఇంత కచ్చితంగా ఉన్నచోట, డబ్బు తీసుకుని మీ ఆయనకు బిరుదు ఎవరిస్తారు? పైగా ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, విదేశీ రాజ్యం ఇచ్చే ఏ బిరుదూ స్వీకరించకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణం చెబుతోంది.

డబ్బు కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే ఈ రోజే బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.