హెడ్‌లైట్ వెలుగు చాలడం లేదా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: మాది పన్నెండేళ్ల నాటి ఆల్టో. రాత్రిపూట నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లేటప్పుడు నల్లమల ఘాట్లో రోడ్డు సరిగా కనిపించడం లేదు. షాపువాళ్లు 200 వాట్ల ఎల్ఈడీ బల్బులు వేసుకోమంటున్నారు, వైరింగ్ ఏమీ మార్చక్కర్లేదట. వేయించుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటారా? (నంద్యాల)

జ: వద్దండీ. పోలీసుల సంగతి తర్వాత, ముందు ఆ 200 వాట్ల లెక్క చూడండి. 12 వోల్టుల మీద 200 వాట్లంటే ఒక్కో బల్బుకు దాదాపు 17 ఆంపియర్లు, రెండింటికీ 33. మీ కారు హెడ్‌లైట్ ఫ్యూజులు అంత మోయవు. ఫ్యూజు పోకుండా వెలుగుతోందంటే డబ్బా మీది అంకె అబద్ధమన్నమాట.

మీ కారులో ఉండేది హెచ్4 రకం హాలోజెన్ బల్బు, 60/55 వాట్లు (హైబీమ్‌కు 60, డిమ్‌కు 55). దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్న తీగలు), అందులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. డిమ్ వేసినప్పుడు వెలుగు కిందికి పోకుండా ఆ దొప్ప ఆపుతుంది కాబట్టి రిఫ్లెక్టర్ పైభాగం మీదే పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ ఫిలమెంట్ ఉన్న చోటును బట్టే తయారవుతాయి. ఎల్ఈడీ బల్బులో చిప్పులు అటొకటి ఇటొకటి అతికించి ఉంటాయి. చోటు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా వెలుగు చెదిరిపోతుంది. బంపర్ ముందు పది పదిహేను మీటర్లు తెల్లగా వెలిగిపోయేసరికి 'అబ్బ, ఎంత వెలుగో' అనిపిస్తుంది. కానీ ఆ దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకుపోయి, అసలు చూడాల్సిన దూరం ఇంకా చీకటవుతుంది. ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్మడం అదనం.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది. హాలోజెన్ వేడికి గాజు లోపలి తడి ఆరిపోతుంది. ఎల్ఈడీ ముందు వైపు అంత వేడి రాదు. పైగా వెనక ఫ్యాన్ అడ్డొచ్చి రబ్బరు మూత సరిగా కూర్చోకపోతే లోపల నీటి ఆవిరి పట్టి అలాగే ఉండిపోతుంది.

ఇక చట్టం. హెడ్‌లైట్‌కు ఆమోదం వచ్చేది ఫలానా రకం బల్బుతో పరీక్షించాకే. రకం మార్చితే ఆ ఆమోదం వర్తించదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెప్పేదీ ఇదే: 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మీ లైటు మిరుమిట్లు గొలపకూడదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్ఈడీ బల్బులను ఒప్పుకుంటున్నారు. అక్కడ కూడా ఏ కారులో, ఏ హెడ్‌లైట్‌లో పరీక్షించారో ఆ జాబితాలో ఉన్నవాటికే.

మరి ఏం చేయాలి? పన్నెండేళ్ల బండి కాబట్టి ముందు హెడ్‌లైట్ పైకప్పు చూడండి. పసుపెక్కి మసకబారితే ఏ బల్బు వేసినా దండగే. నీళ్లు పోస్తూ 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు వరుసగా రుద్ది, పాలిష్ పట్టించి, చివర యూవీ క్లియర్ కోట్ కొట్టించండి. టూత్‌పేస్టు చిట్కాతోనూ మెరుస్తుంది, కానీ పైన కోటింగ్ ఉండదు కనుక ఎండకు మళ్లీ త్వరగానే పసుపెక్కుతుంది. బాగా లోతుకు పోయి ఉంటే కొత్త హెడ్‌లైట్ జత కొనడమే మేలు.

తర్వాత వోల్టేజి. ఇంజన్ ఆన్ చేసి, డిమ్ వేసి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ వెనక ఒకసారి కొలవండి. బల్బు వెలుగుతూ ఉండగానే కొలవాలి, హోల్డర్ పీకి కొలిస్తే నష్టం కనపడదు. తేడా అర వోల్టు దాటితే దృష్టి పెట్టాల్సిందే. హాలోజెన్‌కు 13.2 వోల్టులకు బదులు 12.2 అందితే వెలుగు దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. చాలాసార్లు బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు గీకితేనే సగం సమస్య తీరుతుంది.

ఇవయ్యాక బల్బు. పేరున్న కంపెనీ హెచ్4, 60/55 వాట్లదే, అడుగున వృత్తంలో 'ఈ' అక్షరం, పక్కన అంకె ముద్ర ఉన్నది తీసుకోండి. 'వెలుగు 130 శాతం ఎక్కువ' రకాలు అదే వాటేజీలో దొరుకుతాయి. ఆ శాతం చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి చెప్పినది, మీ పాత బల్బుతో కాదు. దూరానికి కొంత మెరుగు ఉంటుంది, ఆయుష్షు మాత్రం తక్కువ. నీలి పూత బల్బులు తెల్లగా కనిపిస్తాయే కానీ పూత కొంత వెలుగును మింగేస్తుంది. బిగించేటప్పుడు గాజును వేలితో ముట్టుకోకండి. జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి.

ప్ర: 100/90 బల్బులు వేయించాను. ఆరు నెలలకే హోల్డర్ కరిగిపోయింది. రిలే పెడితే సరిపోతుందా? (వరంగల్)

జ: రిలే పెట్టండి, కానీ 100/90 తీసేసి. రిలే అంటే హెడ్‌లైట్ స్విచ్ నుంచి వచ్చే కొద్ది కరెంటుతో పనిచేసి, బల్బుకు కావలసిన పెద్ద కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా పంపే చిన్న స్విచ్. 60 వాట్లకు 5 ఆంపియర్లు పారే తీగలో 100 వాట్లకు 8.3 పారుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు మూడింతలు. హోల్డర్ కరిగింది మీకు కనిపించింది. రిఫ్లెక్టర్ మీది వెండిరంగు పూత గోధుమరంగుకు తిరగడం కూడా మొదలై ఉంటుంది, బల్బు తీసి లోపలికి టార్చి వేసి చూడండి. ఆ వాటేజీకి రోడ్డు మీద అనుమతీ లేదు.

సెరామిక్ హోల్డర్ వేయించండి. నల్లబడ్డ తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కలపాలి. డిమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి, రెండు రిలేలు. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలికి (ఈ అంకెలు రిలే మీదే ఉంటాయి). 87 నుంచి బల్బుకు. పాత హెడ్‌లైట్ తీగ 86కి, 85 ఎర్త్‌కి. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. వాటిలో ఇదే పద్ధతిలో కలిపితే రిలే పలకదు, కాబట్టి ముందు మీటరు పెట్టి చూశాకే తీగ కోయమనండి. వారంటీలో ఉన్న కారు తీగలు మాత్రం కోయించకండి.

ప్ర: బొలెరో పైన లైట్ బార్ పెట్టించినందుకు చలాన్ రాశారు. పొలాల దారుల్లో అవసరమే కదా! (ఖమ్మం)

జ: పొలంలో అవసరం కావచ్చు, కానీ చలాన్ రాసింది రోడ్డు మీద. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వదాని ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా ముందు వైపు స్పాట్‌లైట్, సెర్చ్‌లైట్ బిగించకూడదు. ఆ లైట్లు తగిలించే క్రాష్ గార్డుల (బంపర్ ముందు బిగించే ఇనుప కమ్మీల) మీద కూడా చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తీసేయండి.

ప్ర: అరకు పొగమంచుకు పసుపు లైట్లు మంచివంటారు, నిజమేనా? (విశాఖపట్నం)

జ: రంగు కన్నా ఎత్తు ముఖ్యం. ఫాగ్ ల్యాంపు బంపర్ కిందిభాగంలో ఉండి, వెడల్పుగా, నేలకు దగ్గరగా వెలుగు పరుస్తుంది కాబట్టే పనిచేస్తుంది. పసుపు, తెలుపు రెండూ అనుమతి ఉన్నవే. మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే ఫాగ్ ల్యాంపు కిట్టే బిగించండి. మంచులో హైబీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు.

ప్ర: కొత్త బల్బులు వేశాక ఎదురొచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతున్నారు. ఎలా సరిచేసుకోవాలి? (తెనాలి)

జ: బల్బు మూడు చెవులూ గాడిలో సరిగా కూర్చున్నాయా చూడండి. చాలా వరకు తప్పు అక్కడే ఉంటుంది. అది బాగుంటే గోడ దగ్గరకు వెళ్లండి.

టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి, డాష్‌బోర్డు దగ్గర లైటు ఎత్తు మార్చే లెవలింగ్ చక్రం 0 మీద ఉండాలి. చదునైన నేల మీద కారును గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, రెండు లైట్ల నడిమధ్య ఎత్తును సుద్దతో గుర్తించండి. తర్వాత తిన్నగా 5 మీటర్లు వెనక్కి రండి. డిమ్ వేసి, ఒక లైటుకు అట్ట అడ్డం పెట్టి రెండోది చూడండి. గోడ మీద వెలుగు పై అంచు సుద్దగీతకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి, లేకపోతే హెడ్‌లైట్ సర్దుబాటు స్క్రూ తిప్పి అక్కడికి తేవాలి. అంటే ఒక శాతం వాలు. హెడ్‌లైట్ మీద 1.2 శాతం అని ముద్ర ఉంటే 6 సెంటీమీటర్లు. ఆ అంచు కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు పైకి లేవాలి. లేచే మలుపు లైటు నడిమధ్యకు ఎదురుగా రావాలి. మన రోడ్లకు ఎడమ అంచు, నడిచేవాళ్లు కనపడాలనే ఆ ఏర్పాటు. హెచ్4లో డిమ్ సరిచేస్తే హైబీమ్ దానంతటదే కుదురుతుంది.

భయపడి మరీ దించకండి. లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఒక శాతం వాలుకు వెలుగు అంచు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. రెండు శాతమైతే 32 మీటర్లకే ఆగిపోతుంది. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను ఉన్న రోజు స్క్రూ ముట్టుకోవద్దు, ఆ లెవలింగ్ చక్రాన్ని 2 మీదికో 3 మీదికో తిప్పితే చాలు.

ప్ర: మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ మా కారు మోడల్‌దే ఎల్ఈడీ హెడ్‌లైట్ జత తెస్తానంటున్నారు. పనికొస్తుందా? (కరీంనగర్)

జ: రాదు. అమెరికాలో కుడివైపు నడుపుతారు, అక్కడి డిమ్ అంచు మనకు ఎదురొచ్చే బండి వైపు లేస్తుంది. స్క్రూలు తిప్పితే పోయే తేడా కాదది. యూరప్ పద్ధతి ముద్రలున్న హెడ్‌లైట్ అయితే, కారు ముందు నిలబడి గాజు మీద చూడండి: మీ కుడిచేతి వైపుకు చూపే బాణం ఉంటే ఎడమవైపు నడిపే దేశాలది, రెండు వైపులా బాణాలుంటే మార్చుకునే వీలున్నది, బాణమే లేకపోతే కుడివైపు నడిపే దేశాలది. ఇక్కడే అమ్మే పై వేరియంట్ హెడ్‌లైట్ అయితే ఆ బాధ ఉండదు. దానికీ కప్లర్లు, కంట్రోల్ యూనిట్ కోడింగ్ వేరుగా ఉండొచ్చు కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే బిగించుకుని, బిల్లు దాచుకుని, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.