వాన లేకుండానే కరెంటు ఎందుకు తీస్తారు?

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా అబ్బాయి వాళ్లకు, గట్టిగా గాలి వీస్తుందని ముందే చెప్పి కరెంటు తీసేశారట. గాలి ఆగిన తర్వాత కూడా చాలాసేపు ఇవ్వలేదట. ఇదేం పద్ధతండీ? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మన నగరంలో గాలివానకు వేపకొమ్మ తీగ మీద పడినా, నేల తడిసి ఉంటుంది కనుక నిప్పురవ్వ అక్కడే ఆరిపోతుందమ్మా. అక్కడ వేసవంతా వాన లేక ఎండిన గడ్డి మీదికి అక్టోబరు, నవంబరు నెలల్లో పొడిగాలులు వీస్తాయి. అప్పుడు ఒక్క రవ్వ చాలు. 2018 నవంబరు 8న అక్కడ కరెంటు సరఫరా చేసే పీజీ అండ్ ఈ సంస్థ టవరు మీద, తీగను మోసే దాదాపు నూరేళ్ల నాటి ఇనుప కొక్కెం అరిగి అరిగి తెగిపోవడంతో రేగిన మంటల్లో పారడైజ్ పట్టణం చాలావరకు బూడిదైంది. 85 మంది మరణించారు. 2020లో ఆ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది.

గాలి ఆగగానే స్విచ్చు వేయరు. తెగిన తీగ గడ్డిలో పడి ఉంటే మళ్లీ మంటే కదా! అందుకే పగటి వెలుగులో సిబ్బంది నడిచీ, హెలికాప్టర్ల నుంచీ లైన్లను పరిశీలించాకే సరఫరా ఇస్తారు. పద్ధతి సబబే గానీ, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన వారికి మాత్రం ఆ గంటలు చాలా భారం.