రెండు రోజులూ పూరీకే ఇవ్వు

బరంపురం,
ఆదివారం రాత్రి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో నీ పూరీ ప్లాను చదువుతుంటే అడ్డు రాకుండా విన్నాను. శనివారం కోణార్క్, చంద్రభాగ, ధౌళి, లింగరాజ్ గుడి. ఆదివారం పొద్దున్న చిలికా సరస్సులో సాతపడ దగ్గర డాల్ఫిన్లు, మధ్యాహ్నం జగన్నాథుడి దర్శనం, రాత్రికి రైలు. వెంట ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో మీ అత్తగారు. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నతో అన్నాను, నేను చేసిన తప్పే ఇదీ చేయబోతోందని. అందుకే రాస్తున్నా.

పాతికేళ్ళ కిందట మేమూ ఇలాగే వెళ్ళాం. ఒక్క రోజులో ఏడు చోట్లు చూపిస్తానని ఒక ట్రావెల్స్ అతను అంటే సంబరపడి కారు మాట్లాడుకున్నాం. మూడో చోటు నుంచి మా అత్తగారు కారు దిగలేదు. "మీరు చూసి రండమ్మా, నేను ఇక్కడే కూర్చుంటా" అని కొంగుతో విసురుకుంటూ ఉండిపోయారు. తిరిగి పూరీ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గుడి దాకా నడిచే ఓపిక ఎవరికీ లేదు. మర్నాడు తెల్లవారుజామునే రైలు. పూరీ దాకా వెళ్ళి జగన్నాథుణ్ణి చూడకుండా వచ్చేశాం. ఆ తర్వాత ఆవిడ ఆరోగ్యం పాడైంది, మళ్ళీ వెళ్ళలేకపోయారు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

కాబట్టి అమ్మడూ, ఆ రెండు రోజులూ పూరీకే ఇవ్వు. కోణార్క్ అక్కడికి 35 కిలోమీటర్లే, నిజమే. కానీ ఆ రథచక్రాల ముందు తీరిగ్గా నిలబడాలంటే దానికో పూట కావాలి. ఇంకోసారి పెట్టుకుందాం, అప్పుడు నేనూ వస్తాను. చిలికాని మాత్రం వదులుకోనక్కర్లేదు. బరంపురంలో రైలెక్కినప్పుడు కుడివైపు కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టు. గంజాం దగ్గర రుషికుల్య దాటి, హుమ్మా ఉప్పు మళ్ళు చూసుకుంటూ వెళితే రంభ నుంచి బాలుగావ్ దాకా చిలికా కనబడుతూ, చాటవుతూ పక్కనే వస్తుంది. చలికాలమైతే పక్షులూ కనిపిస్తాయి.

ముందు తేదీ సంగతి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి లోపల ఏ శని, ఆదివారాలైనా పరవాలేదు. జ్యేష్ఠ పూర్ణిమ తర్వాత మాత్రం టికెట్లు తీయకు. ఆ రోజు స్వామికి 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. దాంతో జ్వరం వచ్చిందని రథయాత్ర ముందు దాకా సుమారు పదిహేను రోజులు దర్శనం ఉండదు. దాన్ని అణసర అంటారు. తెలియక వెళ్ళి గుడి బయటి నుంచే దండం పెట్టుకుని వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఆ ఐదు రోజులూ కూడా వద్దు, ఆ రద్దీలో మీ అత్తగారు నిలబడలేరు.

శుక్రవారం సాయంత్రానికి మా ఇంటికి వచ్చేయండి. శనివారం పొద్దున్నే ఇక్కడ ఎక్కితే మధ్యాహ్నానికి పూరీలో ఉంటారు. నేరుగా వెళ్ళే బండి టైము కుదరకపోతే ఖుర్దారోడ్‌లో దిగి మారండి, అక్కడి నుంచి 44 కిలోమీటర్లు.

హోటల్ బుక్ చేసేముందు రెండు విషయాలు అడుగు. ఒకటి లిఫ్ట్. రెండోది చెక్ అవుట్ టైము. పూరీలో చాలా హోటళ్ళలో ఉదయం 8 గంటలకే గది ఖాళీ చేయమంటారు. మనం మధ్యాహ్నం పన్నెండు అనుకుని ధీమాగా పడుకుంటాం, పొద్దున్నే తలుపు కొడతారు. సామాను సాయంత్రం దాకా కౌంటర్‌లో పెట్టుకోనిస్తారో లేదో ముందే కనుక్కో. స్వర్గద్వారం వైపు గది తీసుకుంటే సముద్రం, బజారు దగ్గర. అయితే అక్కడ శ్మశానం ఉంది, చితులు రోడ్డు మీదికే కనబడతాయి. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళు, హఠాత్తుగా చూస్తే భయపడతారు.

శనివారం మధ్యాహ్నం ఏమీ పెట్టుకోవద్దు. తిని, పడుకుని, నాలుగింటికి లేచి ఆటోలో బొడొదండొకి, అదే గుడి ముందు పెద్దవీధికి, వెళ్ళండి. ఆటోవాళ్ళతో ఒడియాలోనే మాట్లాడు, బేరం తేలిగ్గా తెగుతుంది. ఆటో ఆపేసిన చోటి నుంచి నెమ్మదిగా నడిచి, గుడి శిఖరం బాగా కనబడేచోట మీ అత్తగారికి ఏ అరుగో చూసి కూర్చోబెట్టు. పొద్దు గుంకేవేళ జెండా మారుస్తారు. 214 అడుగుల గుడి అది. సేవకుడు కొత్త జెండాలు నడుముకి కట్టుకుని, ఏ తాడూ పట్టుకోకుండా ఆ రాళ్ళ మీద ఎక్కిపోతాడు. కిందంతా గోలగా ఉంటుంది, అతను పైకి చేరుతున్నకొద్దీ ఆ గోల తగ్గిపోతుంది. నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అతను శిఖరం మీది నీలచక్రం చేరేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను. పిల్లలకి ఈ గుడి కథ అప్పుడు చెప్పు. మీ పర్లాకిమిడికి దగ్గర్లోని ముఖలింగం వాళ్ళు చూసిందే కదా. గంగరాజుల కళింగనగరం అదే. అక్కడి రాజు అనంతవర్మ చోడగంగదేవుడే 12వ శతాబ్దంలో ఈ గుడి కట్టించడం మొదలుపెట్టాడు. మన వైపు నుంచి వెళ్ళిన రాజు కట్టించిన గుడి అంటే పిల్లలు ఇంకోలా చూస్తారు.

ఆదివారం తెల్లవారగానే సముద్రం. మహోదధిలో, అంటే ఆ సముద్రంలోనే, మునిగి దర్శనానికి వెళ్ళడం ఆనవాయితీ కూడా. ఇక్కడ నేను చెప్పేది జాగ్రత్తగా చదువు, అల్లుడుగారికీ చదివి వినిపించు. పూరీ సముద్రం మన గోపాలపురంలో కాళ్ళు తడుపుకున్నంత తేలిక కాదు. ఒడ్డు దగ్గరే లోతు దిగుతుంది. మీ అన్నయ్యకి తొమ్మిదేళ్ళప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నా చెయ్యి పట్టుకునే నిలబడ్డాడు. ఒక అల వచ్చి వెళ్ళింది. అది వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసకంతా లాక్కుపోయింది. వాడు కూలబడ్డాడు, రెండో అల మీద పడింది, నా చేతిలోంచి వాడి చెయ్యి జారిపోయింది. తెల్లటి మొనదేలిన టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఎటునుంచి వచ్చాడో, వాణ్ణి చంకలోకి ఎత్తుకుని అలకి అడ్డంగా నడుచుకుంటూ ఒడ్డుకి తెచ్చాడు. నేను ఒడియాలో ఏదో అంటుంటే ఆయన తెలుగులో కసిరాడు: "ఏటమ్మా, అల లాగినప్పుడు ఎదురు లాగుతావేటి? పక్కకి రావాల, పక్కకి!"

వాళ్ళని నోలియాలంటారు. మన తీరం నుంచి వలస వెళ్ళి పూరీలోని పెంటకోటలో స్థిరపడిన తెలుగు జాలర్లు, వాడబలిజలు. తరాలు గడిచినా ఇళ్ళలో తెలుగే. నీళ్ళలో దిగేముందే ఒక నోలియాని మాట్లాడుకుని పిల్లల్ని ఆయన చేతికి అప్పజెప్పు. ఎంత అడిగితే అంత ఇవ్వు, అక్కడ బేరం చేయకు. గోల్డెన్ బీచ్‌లో దిగితే ఇంకా నయం, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన ఒడ్డు, శుభ్రంగా ఉంటుంది, బట్టలు మార్చుకోడానికి గదులుంటాయి. ఎక్కడ దిగినా మోకాలి లోతు దాటొద్దు. ఓపిక ఉంటే స్నానానికి ముందు పెంటకోట వైపు వెళ్ళి పడవలు ఒడ్డుకి రావడం చూడండి. తెలుగులో పలకరిస్తే వాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో చూద్దువుగాని.

ఎనిమిదిలోపు గది ఖాళీ చేసి గుడికి. ఫోన్లు, తోలు బెల్టులు, పర్సులు లోపలికి రానివ్వరు, సామానుతో పాటే వదిలేయండి. 2024 జనవరి 1 నుంచి బట్టల నిబంధన కూడా వచ్చింది. చిరిగిన జీన్సులు, నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు కుదరవు. ఫోన్లుండవు కనుక తప్పిపోతే సింహద్వారం ముందున్న అరుణస్తంభం దగ్గర కలుసుకుందామని అందరికీ చెప్పి ఉంచు. పండాలు, అంటే అక్కడి పూజారులు, చుట్టుముడతారు. కోపగించుకోవద్దు, విసుక్కోవద్దు. ఒకరిని ఎంచుకుని, దక్షిణ ఎంతో బయటే తేల్చుకుని, ఆ డబ్బు విడిగా కొంగున కట్టుకో. లోపలికి ఇరవై రెండు మెట్లు, బాయిసి పహాచ అంటారు. వెడల్పాటివి, మీ అత్తగారు నీ భుజం పట్టుకుని ఆగి ఆగి ఎక్కగలరు.

దర్శనం అయ్యాక వెంటనే బయటికి రావద్దు. ఆనందబజార్‌లో మహాప్రసాదం కోసం ఆగండి. మధ్యాహ్నం ఆలస్యమైనా ఆగండి. కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండిన అన్నం, పప్పు, ఆవ పెట్టిన కూర. బంగాళాదుంప, టమాటా వాడరు. జగన్నాథుడికి పెట్టాక ఆ గుడిలోనే ఉన్న విమలాదేవికి నివేదిస్తారు, అప్పుడే అది మహాప్రసాదం అవుతుంది. నేల మీద కూర్చుని ఆకులో తినాలి. మీ అత్తగారు మడి మనిషి, ఎవరు వండారో తెలియనిది ముట్టరని నువ్వు భయపడుతున్నావు కదా. ఆ ప్రసాదానికి అంటూ ఎంగిలీ లేవు, సర్వం జగన్నాథం అని మనం అంటూనే ఉంటాం. ఆవిడ కాదనరు చూడు. మొదటి ముద్ద ఆవిడ చేతే పిల్లలకి పెట్టించు.

సాయంత్రం రైలుకి ముందు టైముంటే ఖాజాలు కొనుక్కోండి, మాకూ ఒక డబ్బా.

శుక్రవారం ఏ బస్సుకి వస్తారో చెప్పు. మీ పెదనాన్న బస్టాండుకి వస్తారు. మీ అత్తగారికి మెట్లెక్కే పని లేకుండా కింది గదిలోనే పక్క వేస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ